బొట్టు మీద లోహపు గాజు

భీమవరంలో అణువుల గుట్టు విప్పిన మొదటి మనిషిని నేనే. ఇంకెవరూ ఆ పనికి పూనుకోలేదు కాబట్టి ధైర్యంగా అంటున్నాను. ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పుకుంటూ, యాభై దాటాక పీహెచ్‌డీకి దిగాను. నేను ఎంచుకున్న విషయం లోహపు గాజు, చేతికి వేసుకునేది కాదు, మెటాలిక్ గ్లాసు.

కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే రాగి చక్రం మీద పోస్తే, కుదురుకునే వ్యవధి లేక క్షణంలో గడ్డకట్టి, పూతరేకులా పల్చటి రిబ్బనై బయటికొస్తుంది. మామూలు ఇనుములో అణువులు మన నాట్లలా వరుసల్లో ఉంటాయి. ఒత్తితే ఆ వరుసల వెంట జారతాయి. ఇందులో వరుసలుండవు, అంతా వెదజల్లిన చేనే. అందుకే గట్టిదనం కొలిచే మిషను వజ్రపు మొనతో నొక్కినా తేలిగ్గా లొంగదు. లొంగినప్పుడు మాత్రం సన్నటి గీతల వెంబడే జారి, గుంట చుట్టూ అర్ధచంద్రాల్లాంటి మెట్లు లేస్తాయి. ఆ మెట్లు చూడాలి, గట్టిదనం కొలవాలి. ఆ గుంట వెంట్రుక మందంలో వందో వంతని చాలామందికి చెప్పాను. నిజానికి పదో వంతు. అదీ పెద్దదేం కాదు మరి, మైక్రోస్కోపు లేనిదే కనపడదు.

రిబ్బను విశాఖపట్నంలోని మా గైడుగారిచ్చారు. జానెడు ముక్క. వేసవిలో కొలిస్తే అంకెలు ముచ్చటగా వచ్చాయి. దసరా సెలవుల తర్వాత చూద్దును కదా, అదే రిబ్బను మెత్తబడిపోయింది. గుంటలు పెద్దగా, వంకరగా పడుతున్నాయి. మెట్ల జాడే లేదు.

గైడుగారు వయసులో నాకంటే బాగా చిన్నవారు. ఫోనులో చాలా మర్యాదగా చెప్పారు. "మాస్టారూ, లోహం పండక్కో మనసు మార్చుకోదండి. నెలాఖరుకి నేనే వస్తాను. నా కళ్లముందు పాత అంకె రాకపోతే ఈ టాపిక్ వదిలేద్దాం."

వదిలేస్తే ఆ వయసులో మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. పేరు ముందు డాక్టరన్న మాట ఇక ఉండదు.

పక్కనున్న ఐసు ఫ్యాక్టరీ అదురు వల్లేనని నా అనుమానం. ఫ్యాక్టరీనే ఆపించి కొలిచాను. అంటే, ఒక ఆదివారం వాళ్లే రిపేరుకి ఆపుకుంటే వెళ్లి కొలిచాను. అంకె మారలేదు.

మర్నాడు ఫిజిక్స్ మేడంగారు ల్యాబులోకి వచ్చి, నా మొహం చూసి సంగతడిగారు. అంతా విని అన్నారు.

"స్టాండర్డ్ దిమ్మ ఎంత చూపిస్తోందండి?"

"దానికేం, కంపెనీవాళ్లు దాని మీద చెక్కిన గట్టిదనమే సరిగ్గా చూపిస్తోంది."

"అయితే మిషను మంచిదేనండి. రిబ్బను కింద ఏముంది?"

"ఏముంటుందమ్మా, ఉక్కు పలక."

"పలక మీద?"

ఆవిడ పట్టకారుతో రిబ్బనెత్తారు. కింద రూపాయి బిళ్లంత బొట్టు. గంధం, పసుపు, పైన కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉంది.

ఆయుధపూజ నాడు కాలేజీలో లేతులకీ డ్రిల్లింగు మిషన్లకీ అటెండరు పెడితే, నా మిషనుకి నేనే పెట్టుకున్నాను. పూజ బొట్టు చెరపకూడదు, దానంతటదే రాలాలి. అక్కడితో ఊరుకున్నా బావుండేది. కలిసొస్తుందని ప్రతిసారీ రిబ్బనును సరిగ్గా ఆ బొట్టు మీదే పెడుతూ వచ్చాను.

"పరుపు మీద పెట్టి నొక్కుతున్నారండి" అన్నారు మేడంగారు. "కింద గట్టిగా లేకపోతే అంత పల్చటి రేకు ఊగదా?"

"మరి దిమ్మ ఊగలేదే?"

"ఆ దిమ్మ మందానికి మీ బొట్టొక లెక్కాండి?"

"సరేలే, తుడిచెయ్యమ్మా."

"బావుందండి. నేను చర్చికెళ్లే మనిషిని. నేను తుడిస్తే రేపు స్టాఫురూములో అదో కథవుద్ది. మీ అమ్మవారు, మీరే తుడుచుకోండి."

మనసులో దణ్ణం పెట్టుకుని, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. రిబ్బనును పలకకు పల్చటి జిగురుతో బిగించాం. వేసవి అంకె తిరిగొచ్చింది.

నెలాఖరుకి గైడుగారు దిగారు. రిబ్బను కింది ఆధారంలోని మెత్తదనాన్ని నేను ఒంటరిగా, తర్కంతో కనిపెట్టిన వైనం వర్ణించాను. వెనక మేడంగారు దగ్గారు. మేమిద్దరం కలిసి కనిపెట్టామని సర్దాను. ఆవిడ మళ్లీ దగ్గారు. "ఈవిడేనండి" అన్నాను.

గైడుగారు నవ్వి, తనే మీట నొక్కి, మైక్రోస్కోపు మీదికి వంగారు. వంగినవారు లేవలేదు. గుంట చుట్టూ మెట్లు ఒకదాని వెనక ఒకటి, తడి గట్టు మీద మడమ దిగినప్పుడు మట్టి లేచినట్టు లేచి ఉన్నాయి. పొద్దుటి నుంచి నేను అలాంటివే చూస్తూ కూర్చున్నాను. ఆయనతో మాత్రం, మొదట మీకే చూపిద్దామని ఆగానన్నాను.

"ఇంత శుభ్రంగా నేనూ చూళ్లేదు మాస్టారూ" అన్నారాయన, కన్ను తియ్యకుండానే. "అంకె కూడా పాతదే వచ్చింది. ఫోటోలు తీయించండి. నాలుగో చాప్టరు వీటితో మొదలుపెడదాం."