గంపెడు హాలీ

మాదాపూర్‌లో ఎల్లేశానికి మిగిలినవి పది గుంటలు. చుట్టూ రాళ్లు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. ఆ దుమ్ము పడిన పుంటికూరనే కడిగి, కట్టలు కట్టి, అతని భార్య సక్కుబాయి కూకట్‌పల్లిలో అమ్మేది. ఇద్దరి బువ్వ అదే.

1999 దసరా ముందు ఒక పొద్దున చాయ్ హోటల్లో రిటైరైన పంతులు రాజయ్య పేపరు చదివి వినిపించాడు. ఎక్కడో తూర్పు తిమోర్ అనే చిన్న దేశం స్వతంత్రం కావాలని ఓటేసిందట. ఇక సొంత పైస పెట్టుకోవాలా, పెద్ద దేశాల పైసనే వాడుకోవాలా అని తర్జనభర్జన.

"పెద్దోళ్లదే వాడుకోవాలె. చిన్న దేశం నోటును బయట ఎవడు ముట్టుకుంటడు?" అన్నాడు రాజయ్య.

"ముట్టుకోకుంటెనే మంచిది సారూ! నిజాం హాలీ సిక్క నడిచినన్ని దినాలు మా భూములడిగినోడు లేడు. గీ ఇండియా కల్దార్ రూపాయి వచ్చె, ఎనకనే కొనెటోళ్లు దిగిరి," అన్నాడు ఎల్లేశం.

అందులో సగం అబద్ధమని ఎల్లేశానికీ తెలుసు. హాలీ కాలంలో జాగీర్దార్లు అడగకుండానే గుంజుకునేవాళ్లు.

పక్క బల్ల మీంచి చలపతిరావు నవ్వాడు. ఆ పది గుంటల కోసం ఏడాదిగా తిరుగుతున్న బ్రోకరు. "అయితే హాలీ రూపాయలిస్తే అమ్ముతారా పెద్దాయనా?"

"గంపెడు తే. కండ్లు మూసుకొని కాగితం మీద అంగూఠా ఏస్త!"

హోటలంతా గొల్లున నవ్వింది.

"జబానేనా అండి?"

"జబానే. రాజయ్య సారే సాక్షి."

ఆ ఊళ్లలో కాగితం కంటే ముందు జబాన్, ఇచ్చిన మాట. చెల్లని సిక్క గంపెడు ఎక్కడ దొరుకుతుందిలే అని ఎల్లేశం ధీమా.

పాతబస్తీ వెండి దుకాణాల్లో దొరికింది. భూమి ధరలో పదో వంతు కూడా ఖర్చు కాలేదు. పన్నెండో రోజు చలపతిరావు సాక్షిని వెంటబెట్టుకొచ్చి, బావి దగ్గర గంప దింపించాడు.

"అన్నీ చార్మినార్ బొమ్మవేనండి. చూసుకోండి."

"వద్దను," అంది సక్కుబాయి. "నవ్వులాటకన్న మాటకు బువ్వ పోగొడ్తవా? రేపు బజార్ల ఏమమ్మాలె, నీ జబానా?"

ఎల్లేశం రాజయ్య వైపు చూశాడు. రాజయ్య తల దించుకున్నాడు.

ఒక్కటి ఖోటీది, మోగని నకిలీది, తేలినా మాట నుంచి బయటపడొచ్చు. ఎల్లేశం బావి గట్టు రాతి మీద రూపాయలను ఒక్కొక్కటే మోగించడం మొదలుపెట్టాడు. సక్కుబాయి కాసేపు నిలబడి చూసి, ఇంకా చేతికి రాని లేత కూరను పీకసాగింది.

పొద్దు వాలింది. గంప అడుగున ఉన్న చివరి రూపాయి కూడా ఖంగుమంది.