పిట్టల గ్రూపు మూసేస్తారట

“ఏమ్మా తస్లీమ్, మూస్తారంటావా, మూయరంటావా?” 2008 వేసవంతా బాలాత్రిపురసుందరి గారు మా గడప ఎక్కుతూనే అడిగిన మాట ఇదే. కైకలూరులో మాది ఇంటర్నెట్ సెంటర్. ఆవిడది మండవల్లి. మూసేస్తారని భయపడుతున్నది కొల్లేటి పిట్టలను చూసేవాళ్ళ గ్రూపు. ఏలూరులో అచ్యుతరావు గారనే లెక్చరర్ ఏడేళ్ళ కిందట దాన్ని ఇంటర్నెట్టులో పెట్టారు. ఎక్కడ ఏ పిట్ట కనబడిందో సభ్యులు అందులో రాసుకుంటారు. తనకిక ఓపిక లేదనీ, ఎవరూ తీసుకోకపోతే మూసేస్తాననీ ఆయన ఒక వారం రాస్తారు. చూద్దాంలెండి అని పై వారం రాస్తారు. ఆ పెద్దమనిషి చెప్పేదేదో ఒక్కసారి చెప్పరు కదా!

సుందరిగారికి అదెందుకంత ముఖ్యమో చెప్పాలి. వాళ్ళది చేపల చెరువు. గూడబాతులు, నీటికాకులు దిగి చేపల్ని మింగేస్తాయని ఆవిడ భర్త తాతాజీ గారు తెల్లారకముందే గట్ల మీద టపాకాయలు కాల్పిస్తారు. ఆ ఇంట్లో గూడబాతు బాగుందనడమంటే కోళ్ళగంప పక్కన కూర్చుని పిల్లిని ముద్దుచేయడమే. ఒకసారి నోరు జారితే, “అన్నం పెట్టే చెరువుకి కీడు కోరుకుంటావా?” అని అత్తగారు కొన్నాళ్ళు పలకరించలేదట. అప్పటినుంచి ఆవిడ చూసినవన్నీ మనసులో దాచుకుని, కూరగాయలకని వచ్చి మా సెంటర్లో దించుకునేవారు. మొదట్లో నేనే టైపు చేసిపెట్టాను. తర్వాత ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం తనే నేర్చుకున్నారు.

“ఇంట్లో నేను మాట్లాడితే టీవీ సౌండు పెంచుతారమ్మా. ఇక్కడేమో తర్వాత ఏమైందండీ అని అడుగుతారు” అన్నారోసారి.

కొల్లేరును మింగింది చేపల చెరువులేనని గ్రూపులో అందరిదీ ఒకటే మాట. సుందరిగారు గట్టు మీంచి చూశానని రాస్తే వాళ్ళు వరిచేను గట్టనుకున్నారు. వాళ్ళు అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

ఏదో ఒకటి తేల్చుకుందామని జూలైలో ఒక ఆదివారం అచ్యుతరావు గారు తమ మేడ మీదకి అందరినీ రమ్మన్నారు. సుందరిగారు నన్ను తోడు తీసుకెళ్ళారు. వచ్చినవాళ్ళలో సగంమంది గ్రూపులో రెండేళ్ళుగా ఒక్క ముక్క రాసినవాళ్ళు కారు. ఇప్పుడు మాత్రం అది లేకపోతే బతకలేమన్నంతగా మాట్లాడారు. చచ్చినవాడి కళ్ళు చారెడు. సరే, ఇకముందు ఎవరు నడుపుతారని అచ్యుతరావు గారు అడగ్గానే అందరి తలలూ వంగిపోయాయి. ఒకరికి బీపీ అట, ఒకరికి పాప పరీక్షలట.

“నేను చూసుకుంటానండీ” అని సుందరిగారు లేచి నిలబడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెళ్ళేముందు పాస్‌వర్డు రాసిస్తానన్నారు అచ్యుతరావు గారు. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత భోజనాలు. ఒకరింటికి వట్టి చేతులతో వెళ్ళడం మా వైపు లేదు. ఆవిడ పెద్ద క్యారేజీ నిండా చేపల పులుసు తెచ్చారు. లొట్టలేసుకుంటూ తిన్నారు అందరూ.

“ఏం రుచండీ! ఈ చేప ఎక్కడ కొన్నారు?” అని అడిగారు పాపారావు గారనే రిటైర్డు ఇంజనీరు.

“కొనడమేంటండీ, మా చెరువులో శీలావతి చేపే” అన్నారు సుందరిగారు సంబరంగా.

“మీది చేపల చెరువా?”

“అవునండీ.”

“అయితే పిట్టల మీద టపాకాయలు కూడా కాలుస్తారా?”

“మావారు కాల్పిస్తారండీ. నేను వద్దంటాను, నా మాట ఎవరు వింటారు?”

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆ తర్వాత ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. పాపారావు గారు మాత్రం ఇంకాస్త పులుసు వేసుకున్నారు. పాస్‌వర్డు సంగతి అడిగితే, “ఆలోచించి చెబుతామండీ” అన్నారు అచ్యుతరావు గారు చెయ్యి కడుక్కుంటూ. తిన్న చేపకు లేని తప్పు పెట్టిన చేతికి వచ్చిందా? నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో ఆవిడ, “రేపు ఇస్తారేమోలే” అన్నారు.

ఆ వారంలోనే గ్రూపులో ప్రకటన వచ్చింది. బాధ్యత తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాకపోవడం వల్ల నెలాఖరున మూసేస్తున్నామని అచ్యుతరావు గారు రాశారు. దాని కింద అయ్యో, ఒక్కరూ రాలేదా అని ఏడ్చినవాళ్ళలో మొదటివారు పాపారావు గారు.

సుందరిగారు అది రెండుసార్లు చదివారు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, “నేను వచ్చాను కదండీ” అని కొట్టి పంపారు. వెళ్ళలేదు. ఇక్కడ సభ్యులు మాత్రమే రాయగలరని తెర మీద వచ్చింది.

“నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నాను. నువ్వోసారి కొట్టి చూడమ్మా” అన్నారు.

కొట్టాను. మళ్ళీ అదే వచ్చింది.