ఒక వరుస తక్కువ

నాకు చదవడం రాని ఒక పుస్తకాన్ని రెండు శీతాకాలాలపాటు అక్షరం అక్షరం చూశాను. రష్యాకు ఇంకా ఆ పేరు స్థిరపడని కాలపు చరిత్ర అది. తొమ్మిది వందల ఏళ్ల కిందట కీవ్ నగరంలో, కొండ తొలిచి గుహల్లో బతికే సన్యాసులు ఏ ఏడు ఏం జరిగిందో ఆ ఏడు కింద రాసుకుంటూ పోయారట. ఏ అన్న ఏ తమ్ముణ్ని చంపాడు, ఏ ఏడు మిడతలు వచ్చి పడ్డాయి, ఆకాశంలో ఏ తోకచుక్క లేచింది, అన్నీ. వాళ్ల చేతిరాత ఇప్పుడు ఎక్కడా లేదు. ఉన్నవన్నీ దానికి నకళ్లు, ఆ నకళ్లకు నకళ్లు. అన్నిటికంటే పాత నకలు కూడా అసలు రాసిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక వేరే ఊళ్లో వేరే సన్యాసి రాసింది.

ఇదంతా నాకు చెప్పింది మా టీచర్‌గారు. ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీ లైబ్రరీలో మంగళవారం, గురువారం పొద్దున పూట మాలాంటి పెద్దవాళ్లకు ఊరికే ఇంగ్లీషు అక్షరాలు నేర్పేవారు. ఆమెకు అప్పటికే ఎనభై దాటాయి. చిన్నప్పుడు యుద్ధంలో కీవ్ వదిలి, జర్మనీలో ఏవో శిబిరాలు తిరిగి ఈ దేశం చేరారు. యూనివర్సిటీలో పాత రాతప్రతుల మీద పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు.

నేను 2005లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. అప్పుడు నాకు యాభై మూడు. వేలిముద్ర తప్ప సంతకం తెలియదు. తొమ్మిదో ఏట నుంచీ పొగాకు గ్రేడింగ్‌లో కూర్చున్నదాన్ని. ఒంగోలు దగ్గర రేకుల షెడ్డులో వందమంది ఆడవాళ్లం వరసగా కూర్చుని ఆకులు ఏరేవాళ్లం. ఆకు చేతిలోకి రాగానే రంగు, మచ్చ, ఈనె చూసి ఏ కుప్పకు చెందితే ఆ కుప్పలో వేయాలి. ఆలోచిస్తే పని సాగదు. కన్ను చూస్తుంది, చెయ్యి వేస్తుంది. మా అమ్మాయి ఎం.సి.ఎ. ఆ కుప్పల్లోంచే వచ్చింది.

తెలుగు అక్షరాలు ఆదివారం పూట అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లల క్లాసులో నేర్చుకున్నాను. మనవరాలిని దింపడానికి వెళ్లి వెనక కూర్చునేదాన్ని. మూడు నెలలకు నేనూ పలక పట్టుకున్నాను. చూచిరాత రాస్తుంటే ఒక తప్పు మళ్లీ మళ్లీ చేసేదాన్ని. ఒక వరుసలో 'ఆవు' అని ఉండి, కింది వరుసలోనూ అదే చోట 'ఆవు' అని ఉంటే, తల దించి రాసి మళ్లీ ఎత్తేసరికి నా కన్ను కింది ఆవు మీద వాలేది. మధ్యలో వరుస మొత్తం పోయేది.

"అమ్మమ్మా, యూ స్కిప్‌డ్ ఎ లైన్! మల్లీ!" అని ఏడేళ్ల మనవరాలు చప్పట్లు కొట్టేది. "నీ ఆవు జంప్ చేసింది!"

అది అయ్యాకే ఇంగ్లీషు కోసం లైబ్రరీకి వెళ్లాను. ఒకరోజు టీచర్‌గారు అందరికీ ఒకే పాఠం జిరాక్సు తీసి పంచారు. నా కాగితానికీ పక్కామె కాగితానికీ ఒక చోట తేడా ఉందని చెప్పాను. చదివి కాదు. చూసి. ఒకదాంట్లో చుక్కకు తోక ఉంది, రెండోదాంట్లో లేదు. టీచర్‌గారు రెండు కాగితాలూ ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశారు. "ఈ రెండూ వేరువేరు రోజులు టైపు చేసినవి. నాకే తెలియలేదు" అన్నారు. తర్వాత, ఇంటికి రాగలవా అని అడిగారు.

ఆమె ఇల్లు మా అపార్ట్‌మెంట్లకు నడిచి పావుగంట. నడిచేవాళ్లు లేని ఊరు కాబట్టి రోడ్డు పక్కన నడిచే దారి కూడా లేదు. గడ్డి అంచున, పక్కనుంచి కార్లు గాలి కొడుతుంటే వెళ్లేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ సగం చీకటి. వెలుతురు ఎక్కువైతే ఆమెకు ఉన్న చూపు కూడా చెదిరిపోయేది. కంటి నడిమధ్యలో మచ్చ పడిందని, చుట్టూ కనిపించి, చూడాలనుకున్నది మాత్రం కనిపించదని చెప్పేవారు.

బల్ల మీద రెండు లావుపాటి ఫైళ్లు ఉండేవి. ఒకటి ఆ చరిత్రకు పాత నకలు తాలూకు ఫొటోలు. రెండోది బాగా తర్వాతి కాలపు చిన్న నకలు, దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. రెండు అట్టముక్కలకు ఒక వరుస కనిపించేంత సన్నగా కిటికీలు కోసి ఇచ్చారు. ఈ ఫైలు మీద ఒకటి, ఆ ఫైలు మీద ఒకటి పెట్టి, రెండు కిటికీల్లోనూ ఒకే ఆకారాలు ఉన్నాయా లేదా చూడాలి. ఒకటే అయితే పెన్సిల్‌తో చుక్క. తేడా ఉంటే ఎర్ర గీత.

"నాకా భాష రాదు కదా మేడమ్?"

"అందుకే నువ్వు కావాలి. భాష వచ్చినవాడి కన్ను అబద్ధాలకోరు. ఉండాల్సిన మాట లేకపోయినా ఉన్నట్టే చదివేస్తుంది. నీ కన్ను ఉన్నదే చూస్తుంది."

మా ఇద్దరి ఇంగ్లీషూ అతుకుల బొంతే. అయినా పని చేస్తుంటే ఆమె చెబుతూనే ఉండేవారు. రాతప్రతుల్లో తల్లులు, పిల్లలు ఉంటాయట. తల్లి ఉండగా పిల్ల మాటకు విలువ లేదు. తల్లి పోతేనే పిల్ల ముఖంలో పోలికలు వెతుకుతారు. ఒక మంచి ప్రతి మాస్కో తగలబడినప్పుడు కాలిపోయింది, అంతకుముందు ఎవరో పుణ్యాత్ముడు అందులోంచి ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. అసలు ఈ చరిత్ర రాసిందెవరన్నదీ తేలలేదు. ఒక మఠం పెద్ద 'ఇది నేను రాశాను' అని చివర్లో పెట్టుకున్నాడు. వేరే ప్రతుల్లో మొదట్లో గుహల మఠం సన్యాసి అని ఉంది. అతని పేరు ఒకే ఒక్క ప్రతిలో కనిపిస్తుంది.

టీచర్‌గారి నలభై ఏళ్ల వాదం ఆ చిన్న నకలు గురించే. అది ఈ పాత నకలుకు పిల్ల కాదని, దానికి వేరే తల్లి ఉండేదని, ఆ తల్లి పోయిందని. అది నిజమైతే పోయిన ఒక పుస్తకం సగం దొరికినట్టే. చిన్నప్పుడు కీవ్ బడిలో ఆమెతో కలిసి చదువుకుని, తర్వాత ఇదే పనిలో పడ్డ ఒక పెద్దాయన రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో ఉండేవారు. ఆయన మొదటినుంచీ కొట్టిపారేసేవారు. 'అది నకలుకు నకలు, పొయ్యిలోకి పనికొస్తుంది' అన్నారట. వరుసలన్నీ పోల్చి చూపించి ఆఖరి వ్యాసం రాయాలని, చూపు మొత్తం పోయేలోగా రాయాలని టీచర్‌గారి తాపత్రయం. ఆమెకు మిగిలింది అదొక్కటే. అది నాకు బాగా తెలుసు.

రెండో శీతాకాలం, ఫిబ్రవరిలో, ఒక చోట రెండు కిటికీలూ కలవలేదు. చిన్న నకలులో ఒక మాట తర్వాత రావాల్సిన ఆకారాలు రాలేదు. పాత నకలు మీద అట్ట ఒక వరుస కిందికి జరిపాను. అక్కడున్నాయి అవి. మళ్లీ పైకి జరిపాను. పాత నకలులో రెండు వరుసలు ఒకే మాటతో మొదలవుతున్నాయి, ఒకదాని కింద ఒకటి. చిన్న నకలు రాసినవాడి కన్ను పై మాట నుంచి కింది మాట మీదికి దూకింది. పోయింది సరిగ్గా ఒక వరుస. అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

దాని అర్థం ఏమిటో నాకు ఆమే చెప్పి ఉన్నారు. పోయిన ముక్క ఒక పుస్తకంలోని ఒక వరుసకు సరిగ్గా సరిపోతే, రాసినవాడి ముందు తెరిచి ఉన్నది ఆ పుస్తకమే. వేరే తల్లి లేదు.

"ఏమైనా ఉందా అక్కడ? ఆగిపోయావు" అని వంటగది వైపు నుంచి అడిగారు. ఆ పొద్దునే కళ్ల డాక్టరు, ఇక ఇంజెక్షన్ల వల్ల ప్రయోజనం లేదన్నారు. గ్లాసుల్లో టీ పోస్తూ, అంచు తెలియడానికి వేలు లోపల పెట్టుకుని పోస్తున్నారు.

"లేదు మేడమ్" అన్నాను. ఎర్ర గీత గీయాల్సిన చోట చుక్క పెట్టాను.

ఒక్కటే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మార్చిలో రెండోది కనబడింది. పది రోజులకు మూడోది. వాటికీ చుక్కలే పెట్టాను.

ఒక శనివారం కూరగాయల షాపుకు వెళ్తుంటే కార్లో మా అమ్మాయికి చెప్పాను.

"అమ్మా, నువ్వు ఓవర్‌థింక్ చేస్తున్నావు. ఆవిడకి ఎయిటీ త్రీ. ఆ ఆర్టికల్ ఎంతమంది చదువుతారు? పదిమంది."

"పదిమందికి చెప్తే అబద్ధం కాకుండా పోద్దా?"

"నువ్వే తప్పు చూసుండొచ్చుగా. నీకా లాంగ్వేజే రాదు."

"పొగాకు చూసి చెప్పడానికి పొగాకు భాష రావాలా ఏంటి?"

"సరే, కరెక్టే చూశావు. ఇప్పుడు చెప్పి ఆవిడని ఏడిపించడం తప్ప ఏం సాధిస్తావు? వదిలెయ్."

వెనక సీటులోంచి మనవరాలు ముందుకు వంగింది. "అమ్మమ్మా, నువ్వు టీచర్‌కి లై చెప్పావా? దట్స్ చీటింగ్ కదా?"

"నువ్వు నీ జ్యూస్ తాగు" అంది మా అమ్మాయి.

నేను వదిలేశాను. మార్చి చివర్లో నేను అక్కడ ఉండగానే టీచర్‌గారు పీటర్స్‌బర్గ్‌కు ఫోన్ చేశారు. వాళ్ల భాషలో చాలా గట్టిగా, చాలా సంతోషంగా మాట్లాడారు. పెట్టేశాక నవ్వుతూ చెప్పారు: "ముసలాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. అయినా చెప్పాను. రెండేళ్లు వెతికించాను, పోయిన వరుస ఒక్కటి కూడా దొరకలేదు, జీవితమంతా నువ్వు పొరపడ్డావు అన్నాను. ఏం మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం నేనెప్పుడూ వినలేదు."

పన్నెండు రోజులకు ఆయన పోయారని కబురొచ్చింది.

ఆ వారంలోనే ఆమె వ్యాసం పత్రికకు పంపారు. యూనివర్సిటీ నుంచి ఒకామె వచ్చి టైపు చేసిపెట్టింది. తర్వాతి గురువారం నేను వెళ్లేసరికి టీచర్‌గారు కాగితం, పెన్ను బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"నీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాయి. చివర్లో ఒక మాట కలుపుతున్నాను. ఈ భాష తెలియని, అందువల్ల ఏ పక్షమూ లేని కళ్లు ప్రతి వరుసా చూశాయని. ఆ కళ్లు ఎవరివో లోకానికి తెలియాలి."

పెన్ను తీసుకున్నాను. నా పేరు ఇంగ్లీషులో రాయడం నేర్పింది కూడా ఆమే. మొదటి అక్షరం రాసి ఆగిపోయాను.

"మేడమ్, ఒక చోట ఒక వరుస లేదు" అన్నాను.

ఆమె ముఖం కదల్లేదు. "చూపించు" అన్నారు.

ఆమె చూపుడువేలు పట్టుకుని పాత నకలు ఫొటో మీద ఆ వరుస మొదట్లో పెట్టాను. వేలు కాగితం మీద అలాగే ఉంది. దానికేం తెలుస్తుంది? కాసేపటికి ఆమె తన అరచేయి తెరిచి నా ముందు పెట్టారు. ఏం కావాలో అర్థమైంది. ఆ వరుసలో ఉన్న ఆకారాలు ఒక్కొక్కటి ఆమె అరచేతిలో వేలితో గీశాను. అవి ఏమిటో తెలియకుండానే గీశాను. ఐదో అక్షరం దగ్గర ఆమె పెదవులు కదిలాయి. ఆ తర్వాత నేను గీయకముందే, మిగతా వరుసంతా ఆమె పైకి చెప్పేశారు. పూర్తి కాగానే గుప్పిట మూశారు.

"ఎన్ని?"

"మూడు."

ఆమె కిటికీ వైపు తిరిగారు. బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్న చప్పుడు.

"ఎప్పుడు చూశావు?"

"నిన్న" అన్నాను. "నిన్న ఇక్కడినుంచి వెళ్లేముందు, మొత్తం మళ్లీ తిరగేస్తుంటే."

"మంచిపని చేశావు, వెంటనే చెప్పావు" అన్నారామె. "నెల ముందు కనిపించి ఉంటే అతనికి ఆ ఫోన్ చేసేదాన్ని కాదు. కానీ నిన్ననే కదా కనిపించింది. ఎవరి తప్పూ కాదు."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆమె అదే కాగితం మీద ఉత్తరం రాయమన్నారు. టైపు చేసే ఆమె వచ్చేదాకా ఆగనన్నారు. ఇంగ్లీషులో నేను రాసిన మొదటి ఉత్తరం అది. ఒక్కో మాట చెప్పి, తెలియనివాటికి అక్షరాలు విడివిడిగా చెప్పారు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, చిన్న నకలు పాత నకలును చూసి రాసిందేనని, పీటర్స్‌బర్గ్ పెద్దాయనే మొదటినుంచీ సరిగ్గా చెప్పారని, దీనికి రుజువు తన సహాయకురాలికి నిన్న దొరికిందని. నేను రాశాను. యెస్టర్‌డే అన్న మాటకు ఆమె అక్షరాలు చెప్పనక్కర్లేదు. అది నాకు వచ్చు. మొత్తం రెండుసార్లు చదివించుకుని, నేను చోటు చూపిస్తే సంతకం పెట్టారు. వెళ్లేదారిలో పోస్టు డబ్బాలో వేశాను.

ఆ తర్వాత ఫైళ్లు తెరవలేదు. నేను వెళ్లేదాన్ని, టీ తాగేవాళ్లం, ఆమెకు వచ్చిన ఉత్తరాలు తప్పులతో చదివిపెట్టేదాన్ని. ఎండాకాలంలో ఆమెను ఒక వృద్ధాశ్రమానికి మార్చారు. అది కార్లో గంట దూరం. నాకు డ్రైవింగ్ రాదు. మా అమ్మాయి రెండుసార్లు తీసుకెళ్లింది. రెండోసారి నా గొంతు గుర్తుపట్టారు గాని, నేనెవరో చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది జనవరిలో పోయారని లైబ్రరీలో చెప్పారు.

ఇది జరిగి ఆరేళ్లవుతోంది. ఆ వ్యాసం అచ్చు కాలేదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదని మా అమ్మాయి అంటుంది. కానీ ఆ ఉత్తరం ఆ పత్రికవాళ్ల ఫైల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆమె గురించి ఎప్పుడైనా ఎవరైనా వెతికితే దొరికేది అదే. అందులో నా చేతిరాతతో 'నిన్న' అని ఉంది. నిన్న కాదు. అప్పటికి ఏడు వారాలైంది. ఆ ఏడు వారాల్లో ఆమె ఒక చావబోయే మనిషితో, నా చుక్కలను నమ్మి, నువ్వు పొరపడ్డావని చెప్పారు.