పియానో పైమెట్లు

హుమాయూన్ గారికి ముప్పై ఏళ్లుగా రెండు పనులు. వారమంతా ఆటోనగర్ షెడ్డులో బస్సు బాడీలకు రేకులు కొట్టడం, ఆదివారాలు పియానోలు శ్రుతి చెయ్యడం. రెండోది వాళ్ల నాన్న నేర్పిన విద్య. సుత్తి పట్టే చెయ్యి తీగను పాడుచేస్తుందేమోనని మొదట్లో నేను భయపడేదాన్ని. సుత్తి పాడుచేస్తున్నది తీగను కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

గుణదలలో మా ఇంటి ముందుగదిలో నేను పిల్లలకు పియానో చెబుతాను. కిందటి వేసవిలో, పరీక్షల పుస్తకాల్లో పాటలు పిల్లలకు ఎక్కడం లేదని విసుక్కుంటుంటే, చిన్నచిన్నవి తను కట్టనా అని ఆయనే అడిగారు. ఆయనకు స్వరాలు కాగితం మీద రాయడం రాదు. శ్రుతి చూసుకుంటూ ఊరికే ఆడించే ఆ వేళ్ల సంగతి మాత్రం నాకు తెలుసు. ఆయన వాయించాలి, నేను రాసుకోవాలి. ఒక్కోటి పేజీ దాటకూడదు, పదేళ్ల పిల్ల చేతికి అందాలి, మొత్తం పన్నెండు. డిసెంబరులో పిల్లలు వాటినే వరుసగా వాయిస్తారు. అలా అనుకున్నాం.

మొదటిది పిచ్చుక. పియానో కుడి చివర, సన్నగా మోగే పైమెట్ల మీద రెండు వేళ్లు గింజలు ఏరుకుంటున్నట్టు ఉండేది. నా దగ్గర నేర్చుకునే సాయిశ్రీ ఒక్క పూటలో నేర్చేసుకుంది. రెండోది బందరు కాలువ. మూడోది బ్యారేజీ గేట్లెత్తిన రోజు. ఐదోది రాసుకుంటుంటే అనుమానం వచ్చింది. ప్రతి పాటా ముందుదానికంటే ఎడమకి, కింది మెట్లకి దిగుతోంది. ఆరోదానికి ఆయన కుడిచెయ్యి మధ్యలోనే ఆగిపోయింది, పైమెట్ల జోలికే పోలేదు.

"పై తీగలు తేమకి వదులై మందంగా మోగుతున్నయ్యండి. మీకూ అట్లాగే ఉందా?" అన్నారు.

అవి ఖణేల్మంటున్నాయి. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. పెద్దాయన, నా పియానోకి ఇన్నాళ్లూ చెవి ఆయనే. ఆయన శ్రుతికి నేను వంక పెట్టడమా? అవునండీ, కాస్త మందంగానే ఉన్నాయి అన్నాను. మనవైపు మర్యాద అలా ఏడ్చింది. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారంటే ఎంత అబద్ధానికైనా ఓ అండీ తగిలించి చెప్పేస్తాం.

ఆ అబద్ధమే కొంప ముంచింది. మరుసటి ఆదివారం నుంచి ఆయన రెంచి పెట్టి పై తీగల్ని బిగించడం మొదలుపెట్టారు. వారం వారం ఇంకాస్త. పిచ్చుక అరుస్తోందని సాయిశ్రీ చెవులు మూసుకుంది. నేను ఆయన భార్య షహనాజ్ గారికి ఫోన్ చేశాను. షెడ్డులో సుత్తి మోతకి చెవులు దెబ్బతిని, కుక్కర్ విజిల్ కూడా ఆయనకు వినపడటం లేదట. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఆ పన్నెండూ అయ్యేదాకా ఆయనతో అనొద్దని, అవి కట్టుకుంటున్నప్పుడే ఆయన మొహంలో వెలుగుంటోందని బతిమాలారు. సరేనన్నాను. ఇంకో అబద్ధానికి అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

అప్పట్నుంచి ఆదివారం వస్తోందంటే గుబులు. పదకొండో పాటకు ఆయన రెండు చేతులూ ఎడమ చివరికి చేరాయి. పిల్లలు అది వాయిస్తుంటే గదిలో మబ్బు కమ్మినట్టుండేది. అన్నిటికంటే అదే బాగుంది. అందుకే ఇంకా భయమేసింది.

నవంబరు మొదటి ఆదివారం తీగ తెగింది. ఇల్లు అదిరింది. పియానో ముందు చెక్క తీసేసి ఆయన లోపలికి వంగి బిగిస్తున్నారు. తెగిన కొస చెంప చీరేసింది, కంటికి రెండు వేళ్ల దూరంలో. నేను గుడ్డ తెచ్చేసరికి ఆయన రక్తం సంగతి వదిలేసి ఆ తీగ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూస్తున్నారు. వదులైన తీగ అలా తెగదని ఆయనకంటే ఎవరికి తెలుసు?

"టీచర్ గారూ, ఇయ్యి మొదట్నుంచీ బాగానే మోగుతున్నయ్యా?"

"మోగుతున్నాయండీ. నేనే అబద్ధం చెప్పాను," అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చెంపకు గుడ్డ అదుముకుని, శ్రుతి చూపించే యాప్ ఏదో ఉందట కదా, ఫోన్‌లో పెట్టివ్వమన్నారు. అలాంటివి పెట్టుకునేవాళ్లను చూసి ఇన్నేళ్లూ నవ్విన మనిషి. ఆ తెర మీది ముల్లు చూసుకుంటూ ఒక్కో తీగా వెనక్కి దించారు. పై ఆదివారం కొత్త తీగ తెచ్చి వేశారు. అప్పుడు పన్నెండోది రాసుకోమన్నారు.

ఎడమ చివర కూర్చుంటారనుకున్నాను. ఆయన స్టూలు కుడి పక్కకు జరుపుకున్నారు.

"కింద వాయిస్తుంటే ఆ వినపడేది కూడా ఎప్పుడు పోద్దోనని భయంగా ఉంటంది. పైన ఇంక పోయేదేం లేదుగా," అన్నారు.

పిచ్చుకే మళ్లీ వచ్చింది. ఈసారి గింజలు లేవు, వెతుక్కుంటోంది. మెట్ల వైపు చూడకుండా, నా ముఖం చూస్తూ వాయించారు. చివరి వరుసలో ఒక వేలు పక్క మెట్టు మీద పడింది. ఆగి, సరిగ్గా ఉందా అని అడిగారు.

"లేదండీ. చివర్లో ఒకటి తప్పింది," అన్నాను.

వేలు ఒక మెట్టు ఎడమకు జరిపి మళ్లీ వాయించారు. ఈసారి సరిగ్గా పడింది. ఆ గదిలో అది విన్నది నేనొక్కదాన్నే.