బర్రె నా పేరు మీద ఉన్నప్పుడు

మొన్న ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను. మా కోడలు ఆమెకు కుర్చీ వేసి, చాయ్ పెట్టి, నావైపు తిరిగి "అత్తా, జర సీదగ చెప్పు, నీ తిక్క ముచ్చట్లు వెట్టకు" అని ముందే నా నోటికి పలుపు వేసింది. ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. "అవ్వా, పొదుపు సంఘంల చేరినంక ఇంట్ల నీ మాటకు విలువ పెరిగిందా? పెరిగింది, కొంచెం పెరిగింది, పెరగలేదు. మూడిట్ల ఒకటి చెప్పు." నేను మా కొట్టం ఉండే జాగా వైపు చూశాను. ఇప్పుడక్కడ కొడుకు కారు నిలబడుతుంది. గోడకు కొట్టిన మొల మాత్రం తుప్పు పట్టి అట్లాగే ఉంది. "బిడ్డా, అండ్ల బర్రె అని ఏమన్న ఉన్నదా?" అన్నాను. కోడలు నుదురు కొట్టుకుంది. పిల్ల నవ్వి, ఫోను మీద ఏదో నొక్కి వెళ్లిపోయింది. ఏది నొక్కిందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి మనసులో ఒకటే గులుగుడు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నాకు నా పేరు రాయడం వరకే వచ్చు. అదీ సంఘం నేర్పిందే, ఆ మాట దాచను.

మా ఊరు మేడ్చల్‌కు, శామీర్‌పేటకు నడుమ. ఆ రోజుల్లో ఇటువైపంతా ద్రాక్ష తోటలు. ఆడవాళ్లం తెల్లారగానే తోటల్లోకి కూలికి పోయేవాళ్లం, సాయంత్రానికి వేళ్ల నిండా జిగురు, మందు వాసన. అట్లాంటి కాలంలో ఒకనాడు జీపు వచ్చింది, ఆడవాళ్లందరూ సంఘం కట్టాలని చెప్పి పోయింది. ఆ మాట నాకంటే ముందు మా ఆయన చెవిన పడింది. పక్కింటికి నిప్పు కోసం పోయినా "ఏడికి?" అని అడిగే మనిషి, ఆ రోజు నా చెప్పులు వెతికి తెచ్చి గడప ముందు పెట్టాడు. "గా ఆడోళ్ల సంఘమంట, పొయ్యి పేరు రాపిచ్చుకో. జల్దీ పో, మల్ల జాగలుండయ్." నాకు అక్కడే అనుమానం పుట్టింది. మగవాడు చెప్పులు తెచ్చి ఆడదాన్ని బయటికి పంపుతున్నాడంటే, ఆ బయట ఉన్నదేదో ఆయనకు కావలసిందే అయ్యుండాలి. మా అత్తకైతే ఇంకో అనుమానం. "సర్కారోడు ఊకెనే ఇస్తడా? ముందుగాల్ల పేర్లు రాస్కుంటడు, ఎనక పిల్లలు గాకుంట ఆపరేషన్‌కు తోల్కపోతడు. సూడు నువ్వు" అని నేను వచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంది.

సంఘానికి లీడరు పటేలమ్మ. పొలాలున్న పెద్దింటి కోడలు. మంచిదే, నోరు కూడా మెత్తనే, కానీ ఆమె నోరు తెరిస్తే మొగుడు పటేలు మాట వచ్చేది. బడి వరండాలో మేం కూర్చునేవాళ్లం. బయట ప్రహరీ గోడ మీద మా మొగుళ్లు వరసగా కూర్చుని బీడీలు తాగుతూ, జీపులో వచ్చే సార్లు మమ్మల్ని ఏదైనా అడిగితే మా తరఫున వాళ్లే తలలూపేవాళ్లు. అయినా ఒక సుఖం ఉండేది. వారానికోసారి పని లేకుండా కాళ్లు చాపి కూర్చోవడం, ఎవరింట్లో ఏం కూర, ఎవరి దుడ్డె ఎట్లా ఉంది అని మాట్లాడుకోవడం. సంఘం వల్ల నాకు కచ్చితంగా కలిగిన లాభం ఆ కాళ్లు చాపుకోవడమే. మిగతావాటికి నేను సాక్ష్యం చెప్పలేను.

కొన్నాళ్లకు సంఘం ఆడవాళ్లకు బర్రెలు వచ్చాయి, సర్కారు సాయంతో, మా పేర్ల మీద. సంతలో ఏ బర్రె కావాలో ఎంచింది మా ఆయన. కొమ్ములు చూసింది, పళ్లు చూసింది, తోక ఎత్తి చూసింది అంతా ఆయనే. నేను కొంగు నెత్తిన వేసుకుని పక్కన నిలబడి, చూపించిన చోట సంతకం పెట్టాను. బర్రె చెవికి పసుపు పచ్చని బిళ్ల కుట్టారు. ఇంటికి తోలుకొస్తూ దారిలో ఆయన నవ్వుతూ అన్నాడు: "పేరు నీది, చెవి సర్కారుది, మిగిలిన బర్రెంత నాది." నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, ఆ మాట నిజమే కదా.

అయితే ఆ బర్రె ఈ లెక్కకు ఒప్పుకోలేదు. అది నా చేతికి తప్ప ఎవరి చేతికీ చేపేది కాదు, చుక్క పాలు వదిలేది కాదు. నాకొక పాత ఆకుపచ్చ చీర ఉండేది, కొంగు చిరిగి పీలికలైంది. పాలు పిండేటప్పుడు అదే చుట్టుకునేదాన్ని. పని కాగానే విప్పి కొట్టంలో మొలకు తగిలించేదాన్ని. దానికి పేడ, తవుడు, పాలు, నా చెమట, అన్నీ కలిసిన ఒక వాసన. ఉతికితే ఆ వాసన పోతుందని ఉతికేదాన్నే కాదు. బర్రె ఆ చీరను ఒకసారి మూచూసి, "ఆ, నువ్వేనా" అన్నట్టు మెడ వదులు చేసేది. అప్పుడు పొదుగు నిండేది.

ఆ పాలతో ఇంటి ఉప్పు పప్పులు గడిచాయి, అది వేరే సంగతి. నాకు ముఖ్యమైంది ఒక చిన్న గిన్నెడు పాలు. గౌడవెల్లిలో, మా పుట్టింట్లో, అక్క ఉండేది. ఆమెకు టీబీ వచ్చిందని అత్తగారింటివాళ్లు అక్కడ దింపి పోయారు. దవాఖానలో గోలీలు ఇచ్చారు. వాటితోపాటు ఒంటికి పాలు పడాలని, గోలీలు నడుమ ఆపితే మనిషి దక్కదని చెప్పారు. ఖాళీ కడుపున ఆ గోలీలు మింగితే అక్క కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది, ఇక మింగనని మొండికేసేది. పాలుంటే మింగేది. మేడ్చల్ హోటళ్లకు పాలు పోసే సైకిలాయన నా గిన్నెను ఒక చాయ్ హోటల్లో పెట్టేవాడు, ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే మా తమ్ముడు దాన్ని అందుకునేవాడు. మా అత్త "బర్రె ఈడ మేస్తది, పాలు గౌడవెల్లిల కారుతయి" అని గోడకు చెప్పినట్టు చెప్పేది. మా ఆయన మాత్రం "పోనీ తియ్యే, గిన్నెడు పాలకేమైతది" అన్నాడు. ఆ మాట అన్నాడని కూడా రాయమన్నాను మనవరాలిని. లేకపోతే అన్యాయం.

తర్వాత ప్లాట్ల కాలం వచ్చింది. తూంకుంట నుంచి ఇటుదాకా చేన్లలో తెల్లరాళ్లు మొలిచాయి. ద్రాక్ష పందిళ్లు పీకేసిన చోట సున్నంతో గీతలు గీశారు. పట్నం నుంచి కార్లు రావడం, వాళ్లను చేన్లకు తీసుకుపోయి చూపించిన మనిషికి ఏదో ముట్టడం మొదలైంది. మా ఆయనకు అది పట్టుకుంది. "బండి లేకుంటే పార్టీలు మొఖం గూడ సూడరే. నడ్సుకుంట పొయ్యి ప్లాటు జూపిస్తమా?" అన్నాడు. బండి రావాలంటే బర్రె పోవాలి. నేను "అక్కకు పాలెట్ల మరి?" అన్నాను. "ప్యాకెట్ కొనియ్యి" అన్నాడు. బర్రె పోయాక ఏం పెట్టి కొనాలో చెప్పలేదు.

అప్పుడు నాకు సంఘం గుర్తొచ్చింది. పేరు నాది కదా, అడిగి చూద్దామని పటేలమ్మ ఇంటికి పోయాను. "అమ్మా, బర్రె నా పేరు మీదుంది. నేనొద్దంటే గూడ అమ్మొచ్చునా?" ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది, చెరగడం ఆపలేదు. "పేరు నీదే గాని, మొగడు నీ మొగడే గదనే. ఇంటి ముచ్చట సంఘంల వెట్టకు. రేపు నా ఇంటి ముచ్చట గూడ వెట్టాల్సి వస్తది" అంది. ఆ చివరి మాట ఎందుకందో ఆనాడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై, ఆమె మీద కోపం కొంచెం తగ్గింది.

రావల్కోల్ నుంచి బేరగాడు వచ్చే రోజు ఖాయమైంది. మా దిక్కు ఎవరూ బర్రెను పాలు చూడకుండా కొనరు. సాయంత్రం పూట కళ్ల ముందు పిండి చూపించాలి. సరిగ్గా ఆ రోజే శామీర్‌పేటలో సంఘాల సభ అని లారీ వచ్చింది. ఎవరో పెద్దసారు వస్తాడట, ప్రతి ఊరూ కదలాలట. మా ఆయన "పో గాని, పాల యాళ్లకు ఇంట్ల ఉండాలె" అని మరీ మరీ చెప్పాడు. పోయాం. ఎండలో కూర్చున్నాం. పెద్దసారు రాలేదు. నీడలు సాగాయి, ఇంకా రాలేదు. నేను అమ్మకం ఆపాలని అక్కడ కూర్చోలేదు, అంత ధైర్యం నాకెక్కడిది? పాల వేళకు పోకపోతే మా ఆయన కోపానికి ఎట్లా నిలబడాలన్నదే నా గోల. లేచి పటేలమ్మ దగ్గరికి పోయి "బర్రె పాల యాళ్లైంది, నేను పోత" అన్నాను. "కూసో. నువ్వు లేస్తె నీ ఎంట ఇంకో పదిమంది లేస్తరు. పెద్దసారు ఖాళీ కుర్చీలు సూడాల్నా?" అని రెక్క పట్టి కూర్చోబెట్టింది.

చివరికి పెద్దసారు వచ్చాడు. "ఈనాడు పల్లెల్లో ఇంటి నిర్ణయాలన్నీ ఆడపడుచుల చేతుల్లోనే ఉన్నాయి" అన్నాడు మైకులో. పందిరి మూలన ఒకాయన చెయ్యెత్తాడు, అంటే చప్పట్లు కొట్టాలని. కొట్టాం. నా పక్కనున్నామె కొడుతూనే నా చెవిలో "గా ఇల్లు ఏడున్నదో జర అడ్రస్ అడుగరాదు" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ వేళకు నా కొట్టం ముందు బేరగాడు నిలబడి ఉంటాడు.

లారీ దిగేసరికి మునిమాపు. మా గల్లీ మొదట్లో మగవాళ్లు గుంపుగా నిలబడి నవ్వుతున్నారు, నన్ను చూసి ఆపారు. వాకిట్లో మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను. "ఓ పిల్లా, నువ్వు రాకపాయె, బేరగాడు ఎల్లిపోత అనవట్టె. గంతల మావోడు నీ చీరె గట్టుకున్నడే!" అంది. అందులో వింత లేదు. ఆడమనిషి ఊళ్లో లేకపోతే ఆమె చీర కప్పుకుని మగవాళ్లు పిండడం మా దిక్కు ఉన్నదే. అయితే ఆయన మొలకున్న చీర ముట్టలేదు. ఇంట్లోకి పోయి, సందుక తెరిచి, పండుగలకు కట్టే జరీ అంచు చీర తీశాడు. అది ఏడాదికొకసారి బయటికి వచ్చే చీర, మడత మడతకూ పురుగు పట్టకుండా వేసిన డాంబర్ గోలీల వాసన. అది చుట్టుకుని, నెత్తిన కొంగు వేసుకుని, గిన్నె పట్టుకుని కూర్చున్నాడట. బర్రె తల తిప్పి ఒక్కసారి మూచూసిందట. ఫర్రున చీది, గిన్నెను తన్ని, ఈయన కుచ్చిళ్లు తొక్కి, పలుపు తెంపుకుని గల్లీలోకి. దాని వెనక జరీ చీరలో మా ఆయన! బేరగాడు నవ్వి నవ్వి తువ్వాలతో కండ్లు తుడుచుకుని "అన్నా, బర్రెనొక్కదాన్ని తీస్కపోతే నాకేం ఫాయిదా? వదినను గూడ తోల్తవా?" అని రావల్కోల్ దారి పట్టాడట.

కొట్టంలోకి పోయాను. బర్రెను పట్టి తెచ్చి కట్టేశారు, పొదుగు బిగిసి అరుస్తోంది. మా ఆయన లుంగీ మీద, మోకాళ్లకు మట్టితో ఒక మూల కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. "మొలకున్న చీరె ఎందుకు కట్టలేదు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని. "గా చింపిరి చీరెతోని బేరగాని ముంగట కూసుంటే ఇజ్జత్ పోదా?" అన్నాడు. అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. ఆ చింపిరి చీరలో రోజూ రెండు పూటలా కూర్చునేది ఎవరో అప్పుడు తట్టిందనుకుంటాను. తల దించుకున్నట్టే ఉంది. కచ్చితంగా చెప్పలేను, వెలుతురు తగ్గిపోయింది.

నేను చీర చుట్టుకుని పిండడానికి కూర్చున్నాను. ధార గిన్నెలో మోగింది. ఆ మోత మీదనే, ఆయన వైపు తిరగకుండా అన్నాను: "అక్క గోలీలు అయిపోయేదాంక బర్రె జోలికి రాకు." పెండ్లైనప్పటి నుంచి నేను ఆయనకు "రాకు", "చెయ్యకు" అని చెప్పిన మాట అదే మొదటిది. ఆయన మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. వాకిట్లోంచి మా అత్త మాత్రం "దాని బర్రె, దానిష్టం. నువ్వింకోపారి చీరె గట్టకు బిడ్డా, నా పానం వోతది" అంది. గౌడవెల్లికి పాలు కారుతున్నాయన్న అత్తే.

చేతికి రాని బర్రె అని పేరు పడింది, ఇక ఎవరూ బేరానికి రాలేదు. మా ఆయన దోస్తులు చాలాకాలం ఆయన్ను "ఏం వదినా, పాలు పిండినవా?" అని పలకరించారు. అక్క గోలీలన్నీ పూర్తి చేసింది. ఒకనాడు చెంపలు నిండి, తనే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. నన్ను పలకరించకముందే కొట్టంలోకి పోయి బర్రె నుదురు గోకింది. ఆ తర్వాత చేన్లు చూపించే బేరానికి ఎవరైనా వస్తే మా ఆయన "ఇంట్ల అడిగి చెప్త" అనడం మొదలుపెట్టాడు. అది బేరం పెంచే ఎత్తని నా అనుమానం. కానీ నిజంగానే పాల వేళకు కొట్టంలోకి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని "ఏమంటవ్?" అని అడిగేవాడు. ఒక్కోసారి నేను చెప్పింది చేశాడు, ఒక్కోసారి చెయ్యలేదు. అడగడం మాత్రం పోయేదాకా మానలేదు.

ఆయన పోయాడు, బర్రె అంతకుముందే పోయింది, చీర ఏ పొయ్యి మసిగుడ్డ అయిందో. ఆ పిల్ల ఫోనులో ఏది నొక్కిందో గానీ, సంఘం వల్లే నా మాటకు విలువ వచ్చిందంటే నేను నమ్మను, పటేలమ్మ చాట ఇంకా నా కళ్ల ముందే ఉంది. సంఘం వల్ల కాదు అందామంటే, ఆ సాయంత్రం నన్ను ఇంటికి పోకుండా రెక్క పట్టి కూర్చోబెట్టిందీ ఆ పటేలమ్మే. శామీర్‌పేట పందిట్లో ఆనాడు కొట్టిన చప్పట్లు పచ్చి అబద్ధమని ఇన్నేండ్లు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే కొంచెం తొందరపడి కొట్టామేమో అనిపిస్తుంది. చప్పట్లు పడ్డ మాట నిజం కావడానికి మాలాంటి ఇండ్లల్లో చాలా కాలం పడుతుంది, అదీ అయితేనే.