మెడలో అంత్రం

గద్వాల పక్కన విత్తన పత్తి చేలల్లో మా అక్క మొగ్గలు గిల్లే పనికి పోయేది. మొగ్గను గోటితో ఒలిచి, లోపలి కాడకు దెబ్బ తగలకుండా పుప్పొడి తిత్తులు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున దానికి మగ పువ్వు అద్దాలి. అంత సుతారమైన చేతులు వణకడం మొదలైంది. పడుకున్నా గుండె దడదడలాడేది. మనిషి సగమైపోయింది. మొగ్గలు పాడవుతున్నాయని రైతు పనికి రావద్దన్నాడు.

చేనులో ఏదో చూసి దడుసుకుందని అక్క అత్త తేల్చేసింది. పక్కూరికి తీసుకుపోయి మెడలో అంత్రం, అదే మంత్రించిన తాయెత్తు, కట్టించింది. కళ్లెదుట మెడ ఉబ్బి ఉంటే, సరిగ్గా దాని మీదే కట్టించింది ఆ మహాతల్లి!

నాకు ఒళ్లు మండిపోయి నేనే దవాఖానకు తీసుకుపోయాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మెడలోని థైరాయిడ్ గ్రంథి హార్మోనును మితిమీరి వదులుతోందట. అది రక్తంలో పోయి గుండె కండర కణాలకు చేరి, వాటిని వేగంగా కొట్టుకునేలా చేస్తుందట. పైగా భయపడితే ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు ఆ కణాలు మామూలు కన్నా ఎక్కువగా ఉలిక్కిపడతాయట.

"గుండెది తప్పేం లేదమ్మా. మేస్త్రి కేకేస్తుంటె కూలోళ్లు ఉరుకుతరు గదా, గట్ల ఉరుకుతుంది" అంది. గోలీలు రాసిచ్చి, అవి మానితే మాత్రం గుండె దెబ్బతింటుందని గట్టిగా హెచ్చరించింది.

అంటే దడుసుకుంటే వచ్చిన దడ కాదది. నాటకాలాడుతున్నావని అత్త కసిరిన ప్రతిసారీ ఆ గుండె ఇంకాస్త ఉరికిందన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు.

గోలీలకు దడ తగ్గింది, చెయ్యి నిలిచింది. అంత్రం పనిచేసిందని అత్త వాడకట్టంతా చాటి, ఇంకా మందులెందుకని ఆపించింది. బావ వాళ్లమ్మ మాటకే తలూపాడు. కొన్ని వారాలకు నేను పోయి చూస్తే అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. అత్తను ఆమె ముఖం మీదే కడిగేశాను. ఆమె విసురుగా బయటికి పోయింది. కత్తెర తెచ్చి అంత్రం దారం తెంపబోయాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"తెంపకే. అది మెడల లేకుంటె మా అత్త ఊకోదు. గోలీలు చాటుంగ ఏస్కుంట. పేరు అంత్రానికే పోనీ, నాకు పానం దక్కితె సాలు."