పదిహేడు అంకెలు

జోహ్రా సిద్దిపేటలో ఒక ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. తొగుటలో గాజులమ్మే ఫక్రుద్దీన్ కూతురు. పెద్ద పెద్ద సంఖ్యలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఏదన్నా తోస్తే చేతి మీదే రాసుకునేది.

సకల జనుల సమ్మెకు బడులు మూతపడ్డాయి. టీచర్లు రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. అక్కడికొచ్చే పిల్లలకు చెబుదామని ఆ పొద్దున జోహ్రా మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక సంఖ్య రాసుకుంది: 12345678987654321. పిల్లల కంటే ముందు పోలీసులు వచ్చారు. అందరినీ వ్యాన్లో ఎక్కించారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ చూపు ఆమె చేతి మీద పడింది. పేరడిగాడు. చెప్పింది. అతని గొంతు మారింది.

"ఎవరి నంబరిది? ఏ దేశానిది?"

"ఫోన్ నంబర్ కాదు సార్, లెక్క. తొమ్మిది ఒకట్లను పక్కపక్కన రాసి, దాన్ని దానితోనే గుణిస్తే గిదే వస్తది. ఎటు నుంచి చదివినా ఒక్కటే."

"కథలు చెప్పకు. చేసి చూపించు."

అక్కడి నల్లబోర్డు తుడిచి సుద్దముక్క ఇచ్చారు. జోహ్రా సుద్ద అందుకుంది. వరుసకు తొమ్మిది ఒకట్లు, ఒక్కో వరుస ఒక్కో గడి ఎడమకు జరుపుతూ తొమ్మిది వరుసలు రాసింది. కుడి నుంచి కూడింది. ఒకటి, రెండు, మూడు... నాలుగు రావలసిన చోట ఐదు వచ్చింది.

"రాలేదుగా?" ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

జోహ్రా సుద్ద పట్టిన చేతినే చూసుకుంది. చదువు చెప్పిన చెయ్యే మోసం చేస్తోందా? వెనక నుంచి తోటి టీచరు అమృతమ్మ అంది: "నిమ్మళంగ చూడు జోహ్రా. లెక్క యాడికీ పోదు."

జోహ్రా పైనుంచి ఒక్కో వరుసే చూసింది. ఐదో వరుస జరగలేదు, నాలుగో వరుస కిందే నిలువునా ఉంది. చున్నీతో తుడిచి అక్కడి నుంచి మళ్లీ రాసింది. ఈసారి అంకెలు తొమ్మిది దాకా ఎక్కి, మళ్లీ ఒకటి దాకా దిగాయి. ఇన్‌స్పెక్టర్ బోర్డునీ చేతినీ ఒక్కో అంకె పోల్చి చూశాడు.

"వెళ్లి కూర్చో," అన్నాడు. అంతే.

అమృతమ్మ సంబరపడింది. "గెలిచినవ్!"

"నీ చెయ్యి మీద ఉంటే అడుగుతుండెనా, అక్కా?"

 అమృతమ్మ దగ్గరకు జరిగి, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

సాయంత్రం అందరినీ వదిలేశారు. ఇంట్లో భర్త అర్షద్ ఒకే మాట అన్నాడు: "ఇగ నువ్వు టెంటుకు పోవద్దు."  జోహ్రా అన్నం ముట్టలేదు.

తెల్లారి అమృతమ్మ వాకిట్లో నిలబడి ఉంది, ఎన్నడూ లేనిది.

"రోజూ గిట్లనే వస్త. కలిసే పోదాం," అంది.

జోహ్రా భర్త వైపు చూసింది. గడపకు అడ్డంగా నిలబడిన అతను పక్కకు జరిగి దారిచ్చాడు.